కంఠరేఖ రాని చిలుక

లోకమున వస్తువులను గుర్తులచేత ఎఱుగుట వాడుక. నుదుట తిరుమణి చూచి వైష్ణవుడందురు. విభూతిరేఖలు చూచి శైవుడందురు. గుర్తు కంటబడినంతనే మనస్సు తృప్తిచెంది ఆపై విచారణ మానివేయును. కాని గుర్తులింకను పుట్టని ప్రాణి ఎదుట నిలిచినప్పుడు దానిని ఏమని ఎఱుగవలెను? ఎఱుగకమునుపు దానియెడ ఎట్లు నడచుకొనవలెను? ఇది పండితసభలలో మాత్రమే పుట్టు ప్రశ్న కాదు. గాలివానకు కూలిన చెట్టు తొఱ్ఱ నుండి జారిపడిన చిలుకపిల్లను అరచేత పట్టుకొని నిలిచిన సామాన్య గృహస్థునకును ఇదే ప్రశ్న కలుగును.

"ఇది ఏ చిలుక?" అని అతడు పొరుగువారిని అడుగును. ఒకరు రామచిలుక యందురు. వేఱొకరు ఇది పెద్దజాతిదనియు, మాటలు చక్కగా నేర్చుననియు, అంగడిలో మంచి ధర పలుకుననియు చెప్పుదురు. ఇంకొకరు మెడకు కంఠి లేదు గనుక ఆడపిల్ల యని తేల్చి, ఆడచిలుక పలుకదు గనుక పెంచుట వృథా యని పెదవి విఱుతురు. ముగ్గురును చూచినది ఒక్క పిల్లనే. మూడు తీర్పులును ఆ పిల్ల ఒంటిమీద లేని గుర్తులను ఆధారము చేసికొన్నవే. పిల్ల మాత్రము నోరు తెఱచి ఆకలి యని అఱచుచుండును.

తెలుగునాట రామచిలుక యని ఒక్క పేరుతో పిలుచు పక్షులలో పక్షిశాస్త్రజ్ఞులు వేర్వేరు జాతులను గుర్తించిరి. వానిలో పంజరములకు ఎక్కువగా బలియగునవి మూడు. ఊళ్ళలో, తోటలలో, పాతగోడల రంధ్రములలో కాపురముండునది మొదటిది. తోకతో కూడ సుమారు 40 సెంటీమీటర్ల పొడవు. ఎదిగిన మగపక్షికి గడ్డము క్రింద నల్లనిగీత బయలుదేరి, మెడవెనుక గులాబివన్నె రేఖగా చుట్టివచ్చును. రెండవది రూపమున దీనిని పోలినదే కాని చాల పెద్దది. 50 సెంటీమీటర్లు దాటి పెరుగును. బలమైన ఎఱ్ఱని ముక్కు, రెక్క భుజముమీద ఎఱ్ఱని మచ్చ దీని సొత్తు. పాశ్చాత్యులు దీనికి అలెగ్జాండరు చక్రవర్తి పేరు పెట్టిరి. మూడవది అడవుల అంచున తిరుగు చిన్నజాతి. ఎదిగిన మగదాని తల ఊదాకలిసిన గులాబివన్నెతో మెఱయును. ఆడదాని తల బూడిదవన్నె.

ఇవి పెద్దవాని రూపములు. పిల్లల సంగతి వేఱు. గ్రుడ్డు నుండి వెలువడునప్పుడు చిలుకపిల్లకు ఈకయే లేదు, కన్నులును తెఱవదు. తల్లిదండ్రులు నోటికందించు ఆహారముతో తొఱ్ఱచీకటిలో ఇంచుమించు ఆఱేడు వారములు పెరిగి బయటికి వచ్చునప్పటికి ఒడలెల్ల ఆకుపచ్చనై యుండును. మెడకు రేఖ లేదు. తలకు వన్నె లేదు. తోక పొట్టి, ముక్కు పాలిపోయినది. ఎదిగిన రామచిలుక కంటిపాప చుట్టును తెల్లని వలయము కనబడును. పిల్ల కన్ను మాత్రము నల్లనై లోతుగా నుండును. రామచిలుకలలో మగదాని కంఠరేఖ సామాన్యముగా మూడవయేట గాని పూర్తిగా తేలదు. అంతవఱకు మగపిల్లయు ఆడపిల్లయు చూపరులకు ఒక్కటే.

ఇచ్చట న్యాయశాస్త్రము చెప్పు ఒక మాట తలపునకు వచ్చును. తర్కసంగ్రహము రచించిన అన్నంభట్టు ఆంధ్రుడని ప్రసిద్ధి. ఆ శాస్త్రము ప్రకారము లక్షణమనగా ఒక వస్తువునందే యుండి ఇతరములందు లేని ధర్మము. లక్షణమునకు మూడు దోషములు కలుగవచ్చును. ఆవునకు కపిలవర్ణము లక్షణమనినచో తెల్లని ఆవులు తప్పిపోవును, ఇది అవ్యాప్తి. కొమ్ములు లక్షణమనినచో గేదెలును ఆవులగును; ఇది అతివ్యాప్తి. ఒంటిగిట్ట లక్షణమనినచో ఒక్క ఆవునకైనను అది పొసగదు, ఇది అసంభవము. గంగడోలే ఆవునకు సరియైన లక్షణమని శాస్త్రకారులు స్థిరపఱచిరి.

ఈ గీటురాతిమీద కంఠరేఖను గీచి చూడవలెను. రామచిలుకకు కంఠరేఖయే లక్షణమనినచో ఆడపక్షులన్నియు, పిల్లలన్నియు రామచిలుకలు కాకపోవును. అనగా జాతిలో సగమునకు పైగా వెలివేయబడును! సరే, రేఖ యున్నదెల్ల రామచిలుకయే యందమా? పెద్దజాతి మగచిలుకకును రేఖ కలదు, ఎఱ్ఱతల మగచిలుకకును సన్నని నల్లరేఖ కలదు. ఒక్క గుర్తునందే రెండు దోషములు. భుజముమీది ఎఱ్ఱమచ్చ కొంత మేలు. పెద్దజాతిలో ఆడ మగ రెంటికిని అది యుండును, పిల్లలలోను వెలవెలగానైన తోచును. రామచిలుకకు ఏ వయస్సునను లేదు. కాని ఎఱ్ఱతల మగచిలుక భుజముననును అట్టి మచ్చయే యుండుటచే అదియు ఒంటరిగా నిలువలేదు. పరిమాణమును, ముక్కు లావును, ముక్కు రంగును కలిపి చూడవలెను. తల పచ్చగా నుండి ముక్కు పసుపు చాయలో నున్న చిన్నపిల్ల ఎఱ్ఱతల జాతిది కావచ్చును. తలయు ముక్కును ఒడలికి మించిన బరువుగా తోచునది పెద్దజాతిది కావచ్చును. తెలిసినవారును పిల్లవిషయమున "కావచ్చును" అనియే పలుకుదురు. తెలియనివారే వెంటనే తేల్చివేయుదురు.

వేదాంతులు ఇంకొక మెట్టు పైకి పోయిరి. దేవదత్తుని ఇల్లు ఏదని అడిగినవానికి "అదిగో, కాకి వ్రాలిన ఇల్లు" అని చూపుట వారి దృష్టాంతము. కాకి ఇంటిని చూపినది. కాని కాకి ఇల్లు కాదు. అది ఎగిరిపోయినను ఇల్లు ఇల్లుగనే యుండును. ఇట్టి గుర్తును తటస్థలక్షణమందురు. వస్తువుతో విడివడక దాని స్వభావమే యైనది స్వరూపలక్షణము. కంఠరేఖ కాకివలె బయటినుండి వచ్చి వ్రాలినది కాదు, చిలుక ఒడలినుండియే పుట్టినది. ఆ మాట నిజమే. అయినను మూడేండ్లు లేకుండి పిదప వచ్చునది చిలుకకు స్వరూపమెట్లగును? రేఖకు ముందును ఆ పిల్లయందు నిండుగా నున్నవి ఆకలి, భయము, చలికి వణకుట, తల్లి పిలుపునకు బదులు పలుకుట, రెక్క విప్పవలెనను తహతహ. ధర్మనిర్ణయమునకు వలసినది ఈ లక్షణమే. ఇది ఆడదానియందు తప్పిపోదు, పిల్లయందు తప్పిపోదు, రంగు వెలసినదానియందు తప్పిపోదు. మూడు జాతులకును వ్యాపించునది గనుక జాతిని నిర్ణయించుటకు పనికిరాదు. దయకు పాత్రమెవ్వరో నిర్ణయించుటకు మాత్రము ఇదియే చాలును.

అట్లయిన జాతి యేదని అడుగుట తప్పా? కాదు. అడుగు మనస్సు ఎట్టిదను దానినిబట్టి ఆ ప్రశ్నకు పుణ్యపాపములు కలుగును. మాటలు నేర్చునా, ఎంత ధర పలుకును, ఇరుగుపొరుగుల యెదుట గొప్పగా నుండునా అని అడుగువానికి చిలుకపిల్ల పక్షి కాదు, ఫలించనున్న పెట్టుబడి. రేఖ వచ్చినచో ముద్దు, రాకున్నచో నిరాశ. అట్టివానిని ఎఱిగియే అంగడివారు మోసము పన్నుదురు. సాధారణపక్షులకు రంగు పూసి అరుదైనవని అమ్ము వంచన పక్షివ్యాపారమున బయటపడినదే. కొన్నవాడు మొదటి ఈకలు రాలినప్పుడు మోసపోయితినని వగచును. పూతకు గుఱియైన పక్షి బాధ వాని లెక్కలోనికి రాదు. ఆడచిలుక పలుకదనుటయు వట్టి ప్రవాదమే. ఆడపక్షులును మాటలు నేర్చును.

ప్రాణి మేలుకొఱకై అడుగు ప్రశ్న వేఱు. అందఱిని సమముగా చూచుట యనగా భేదములను ఎఱుగకుండుట కాదు. ఆవునకు గడ్డియు పిల్లికి పాలును పెట్టువాడే సమదర్శి. రెంటికిని ఒకటే పెట్టువాడు మూర్ఖుడు. ఇచ్చట దయగలవారే ఎక్కువగా పొరబడుదురు. క్రిందపడిన పక్షిపిల్ల నోట పాలు పోయుట ఎన్నో ఇండ్లలో జరుగు పని. పక్షి కడుపు పాలను జీర్ణించుకొనలేదు. నోటిలో చుక్కలుగా పోసిన నీరు ఊపిరిగొట్టములోనికి పోయి ప్రాణము తీయవచ్చును. వట్టి బియ్యము, గింజలు మాత్రమే తిని పెరిగిన చిలుకకు ఎ-విటమిను లోపించి రోగములు వచ్చును. పచ్చిమిరపకాయ మాత్రము దానికి ఇష్టమే. ఆ మంట మనుష్యుల నాలుకకే గాని పక్షులకు తెలియదు. ఇట్టి సంగతులు తెలియని దయ చేతులారా చంపి, పిదప కన్నీరు కార్చును. కనుక ఏ పక్షియో, ఏ వయస్సుదో, ఏమి తినునో తెలిసికొనుట దయలో భాగమే.

జాతినెఱుగుటకు ఇంకొక ప్రయోజనము కలదు. విదేశములనుండి వచ్చి, తరతరములుగా పంజరములలోనే పుట్టి పెరుగుచున్న చిన్నచిలుకలు కొన్ని కలవు. వానిలో ఆస్ట్రేలియాకు చెందిన బడ్జెరిగారు అను దాని పిల్లకు నొసటినుండి ముక్కు మొదలువఱకు నల్లని అడ్డచారలుండును. మూడు నాలుగు నెలలకు ఈకలు రాల్చినప్పుడు నొసటి చారలు తొలగి తల తేటపడును. అక్కడ పిల్లకే గుర్తు, పెద్దదానికి లేదు! అట్టి పక్షిని మన ఆకాశమున వదలుట దానిని చంపుటయే. మన అడవుల చిలుక కథ దీనికి విరుద్ధము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ప్రకారము మన దేశపు చిలుకలను పట్టుట, అమ్ముట, పంజరమున పెంచుట నేరము. 2022 నాటి సవరణ తరువాతను ఆ రక్షణ నిలిచియే యున్నది. పొరుగువారు ముగ్గురు వాదులాడిన ఆ మూడు జాతులలో పిల్ల ఏదైనను చట్టము చెప్పు జవాబొకటే. అంత వాదము చేసి తేల్చుకొన్న పేరు, పంజరము తలుపు మూయుటకు దేనికిని అనుమతి నీయదు.

"చట్టము సంగతి అటుంచుడు. మేము ప్రేమతోనే పెంచుచున్నాము గదా?" యని కొందఱందురు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. వెండిగిన్నెలో జామపండు ముక్కలు పెట్టి, ఉదయముననే రామనామము పలికించు ఇండ్లు ఎన్నో కలవు. ఆ ప్రేమ అబద్ధము కాదు. కాని తెలుగువారు పరంపరగా చెప్పుకొను భద్రాచల రామదాసు కథ ఈ ప్రేమనే నిలదీయుచున్నది. ప్రభుత్వధనముతో రామాలయము కట్టించినందులకు గోపన్న తానీషా కాలమున గోలకొండ కోటలో పండ్రెండేండ్లు బందీయై యుండెనని ప్రసిద్ధి. ఆయన యుండిన చెఱయని చూపు గదిని కోటకు పోయినవారు నేటికిని చూచుచున్నారు. అంతటి భక్తునకు అంతటి చెఱ ఏల కలిగెనని జనులు ప్రశ్నించుకొనిరి. పూర్వజన్మమున ఒక చిలుకను పండ్రెండేండ్లు పంజరమున బంధించిన ఫలమని సమాధానము చెప్పుకొనిరి.

ఈ కథను చరిత్రగా గాక ధర్మవిచారముగా గ్రహించవలెను. ఆ చిలుకను బంధించినవాడు దానిని హింసించెనని ఎవ్వరును చెప్పరు. పాలు పండ్లు పెట్టియే యుండును, ముద్దుమాటలు నేర్పియే యుండును. అయినను కర్మ తన లెక్కలో ముద్దును తగ్గింపుగా వ్రాసికొనలేదు. చెఱనుండిన కాలమునే లెక్కించినది. రామభక్తియు ఆ లెక్కను చెఱపలేదని జనులే ఒప్పుకొనుట గమనింపదగినది. తమకు ప్రాణప్రియుడైన భక్తుని విషయముననే వారు అంత కఠినముగా తీర్పు చెప్పిరి! ఆ చిలుక ఏ జాతిదో, దాని మెడను రేఖ యుండెనో లేదో కథ చెప్పదు. చెప్పవలసిన అవసరము కథకులకు తోచలేదు.

మఱి అరచేతిలోని పిల్ల మాటేమి? విడిచిపెట్టుడని చెప్పినంత మాత్రమున ధర్మము తీరదు. ఈకలు నిండిన పిల్ల క్షేమముగా నున్నచో పడినచోటికి దగ్గఱలోనే ఎత్తైన కొమ్మమీద నుంచి దూరముగా తొలగుట మేలు. తల్లిదండ్రులు అఱపు విని వచ్చి ఆహారమందింతురు. మనుష్యుడు తాకిన పిల్లను తల్లి విడుచుననుట నిజము కాదు. చెట్టే కూలినచో, లేక పిల్ల గాయపడినచో అటవీశాఖవారికి తెలిపి అప్పగింపవలెను. ఏండ్ల తరబడి ఇంట పెరిగిన చిలుకను ఒక పర్వదినమున పూజచేసి ఆకాశమునకు ఎగురవేయుట పుణ్యమని తలచువారును కలరు. రెక్కలలో బలము లేక, డేగను ఎఱుగక, మేత వెదకుట నేర్వక ఆ పక్షి రెండుమూడు దినములలో కాకులపాలో పిల్లులపాలో యగును. బంధించుటలో వలెనే విడుచుటలోను తొందర పనికిరాదు. తోటిపక్షులతో కలిపి, ఎగురుటకు చోటిచ్చి, క్రమముగా అడవికి అలవాటు చేయుట తెలిసినవారికే సాధ్యము. ఇంటివారు చేయదగిన పని, దానిని తమది యనుకొనక వారి చేతికిచ్చుట. ఇదియే అన్నిటికంటె కష్టమైనది.

కష్టమని భరతుని కథయే చెప్పుచున్నది. రాజ్యమును, భార్యాపుత్రులను విడిచి గండకీతీరమున తపస్సు చేయుచుండిన ఆ రాజర్షి, సింహగర్జనకు బెదరి నది దాటబోయిన లేడి విడిచిన పిల్ల నీటిలో కొట్టుకొనిపోవుట చూచి ఒడ్డునకు చేర్చెను. ఆ పని తప్పని భాగవతము చెప్పదు. దయ అచ్చటితో ఆగలేదు. పిల్ల కనబడకున్నచో జపము చెడెను, దాని మేతకై పూజ చెడెను. చివరకు మరణకాలమున మనస్సునిండ అదియే నిలిచి, మఱుజన్మమున లేడియై పుట్టెను. రక్షించుట ఏ ఘడియలో సొంతము చేసికొనుటగా మాఱెనో భరతునకే తెలియలేదు. చక్రవర్తిత్వమును విడిచినవాడు ఒక లేడిపిల్లను విడువలేకపోయెను.

ఈ కథను పరీక్షిన్మహారాజునకు చెప్పినవాడు శుకుడు. శుకమనగా చిలుక. ఆ మహనీయుని జీవితమున గుర్తుల ప్రసంగము రెండుచోట్ల వచ్చును. ఉపనయనమైనను కాకమునుపే, ఏ ఆశ్రమచిహ్నమును ధరింపకయే ఆయన ఇల్లు వెడలిపోయెను. వేదములను విభజించిన వ్యాసుడంతటివాడు విరహమునకు తాళలేక "పుత్రా!" యని పిలుచుచు వెంబడించెను. కొడుకు వెనుదిరుగలేదు, ఆతని బదులుగా అడవిచెట్లు ఆ పిలుపునకు ప్రతిధ్వనించినవి. పిదప గంగాతీరమున పరీక్షిత్తు ప్రాయోపవిష్టుడై యున్న సభకు పదునాఱేండ్ల ఆ యువకుడు నడచివచ్చెను. ఒంటిమీద వర్ణమును గాని ఆశ్రమమును గాని తెలుపు గుర్తు ఒక్కటియు లేదు. దారిలో పిల్లలును స్త్రీలును చుట్టుమూగి పిచ్చివాడనుకొని వెంబడించి వచ్చిరి. సభలోని మునులు మాత్రము ఆయనను చూచినంతనే ఆసనములు విడిచి లేచి నిలిచిరి.